నూట పద్నాలుగో అర

పోయిన వారం కథ శనివారం సాయంత్రం మా మెట్ల మీద ఆగింది. పొరుగింటి గ్లఫీరా నా చెయ్యి పట్టుకుని ఆపి, నక్కతోలు టోపీ పెట్టుకున్న ఆడమనిషి ఎవరో వచ్చి ఉల్యా గురించి ఆరా తీసిందని చెప్పింది. ఏ బడికి వెళ్తుంది, సెలవురోజుల్లో ఎక్కడుంటుంది అని అడిగిందట. "ఆదివారమైతే మీరిద్దరూ పార్కులో మంచు మీద జారే రింకు దగ్గరే ఉంటారని చెప్పాను. చెప్పకూడదా ఏంటి?" అంది. "చెప్తే ఏముందిలే, నిజమేగా" అన్నాను. ఇంట్లోకొచ్చి గొళ్ళెం పెట్టాను. పెట్టానో లేదోనని మళ్ళీ వెళ్ళి చూశాను. ఎనిమిదేళ్ళుగా రాని మనిషి ఇప్పుడు మాత్రం ఎందుకొస్తుందిలే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ వచ్చింది రిమ్మాయేనని నాకు తెలుస్తూనే ఉంది.

ఈ కథ ఇప్పుడే చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. నా పేరు సెరాఫిమా, తెలిసినవాళ్ళు సీమా అంటారు. తోమ్‌స్క్ ఊరి పార్కులో ప్రతి చలికాలం స్కేట్లు అద్దెకిచ్చే గదిలో కూర్చుంటాను. ఇది పద్దెనిమిదో చలికాలం. పెళ్ళి చేసుకోలేదు. మా తమ్ముడు వాలెంతిన్ దుంగలు తేలేసే పనిలో నదిలో పడి చనిపోయాడు. అతను పోయిన రెండో నెలలో అతని భార్య రిమ్మా పద్నాలుగు నెలల ఉల్యాను నా చేతుల్లో పెట్టి, "ఒక్క నెల చూసుకో వదినా, ఉత్తరాన ఉద్యోగం కుదుర్చుకుని వచ్చేస్తాను" అని రైలెక్కింది. ఆ నెల ఇంకా అవలేదు. పిల్ల నన్ను అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. నేను సరిదిద్దలేదు. అంతకుమించి నేను చేసిన నేరం ఏమీ లేదు, చేసిన ఘనకార్యమూ లేదు.

ఆదివారం పందొమ్మిది డిగ్రీల చలి, సున్నాకు కింద. మాకది మంచి రోజు కింద లెక్క. గాలి లేదు, ఎండ ఉంది, ఊళ్ళో సగంమంది రింకు మీదే ఉన్నారు. రింకు మంచు చూసుకునే కుజ్మిచ్ తెల్లారకముందే లేచి స్లెడ్జి బండి మీద వేడినీళ్ళ పీపా లాక్కుంటూ మైదానమంతా తడిపాడు. చన్నీళ్ళు పోస్తే బుడగలొస్తాయి, వేడినీళ్ళే పోయాలి, అది కూడా పల్చగా, పొర మీద పొర. ఈ సంగతి అతను ముప్ఫై ఏళ్ళుగా కనిపించిన ప్రతివాడికీ చెప్తున్నాడు, అడిగినా అడక్కపోయినా.

అతను టీ కోసం నా గదిలోకొచ్చాడు. మీసాలకు మంచు పట్టి ఉంది.

"ఏంటి సీమా, మొహం అలా పెట్టావు? ఊరబెట్టిన క్యాబేజీ పాడైందా?"

"టీ తాగి వెళ్ళు కుజ్మిచ్."

"వెళ్తాలే. నీ పొయ్యి ఏమన్నా బంగారంతో చేశారా?"

మా కిటికీ సంగతి చెప్పాలి. అది నడుమెత్తులో ఉంటుంది, రొట్టె పట్టేంత వెడల్పు. ఎందుకలా కట్టారో కట్టినవాళ్ళకే తెలియాలి. బయటివాళ్ళు బాగా వంగితే తప్ప నా మొహం కనపడదు, నాకు వాళ్ళ చేతులు తప్ప ఏమీ కనపడవు. వంగేంత ఓపిక ఎవరికీ ఉండదు. చెయ్యి లోపలికొస్తుంది, పాస్‌పోర్టు పెడుతుంది, సైజు చెప్తుంది. నేను స్కేట్లు, నంబరు బిళ్ళ ఇస్తాను. పాస్‌పోర్టు నా వెనక చెక్క అరల్లో ఆ నంబరు అరలోకి వెళ్తుంది. స్కేట్లు తిరిగొస్తే పాస్‌పోర్టు తిరిగెళ్తుంది.

మా దేశంలో పాస్‌పోర్టు లేనివాడు మనిషి కింద లెక్క కాదు. పెళ్ళి, విడాకులు, ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఉండటానికి ముద్ర పడింది, పిల్లలెంతమంది, మనిషి జాతకం మొత్తం అందులోనే ఉంటుంది. అలాంటిదాన్ని ఓ గంటన్నర మంచు మీద జారడం కోసం మొహమైనా చూడని మనిషి చేతిలో పెట్టేసి పోతారు. ఒక్కడూ జంకడు. ఇంట్లో దొంగలు పడతారని మూడు తాళాలు వేసుకునేవాళ్ళు కూడా.

రెండు గంటలప్పుడు వరస బాగా పెరిగింది. "ఏమ్మా, లోపల కునుకు తీస్తున్నావా? కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి ఇక్కడ!" అని ఎవరో అరుస్తున్నారు. ఎర్రరంగు గోళ్ళ చెయ్యి ఒకటి లోపలికొచ్చింది.

"ముప్ఫై ఏడు ఇవ్వండి" అంది గొంతు. ఉన్ని శాలువా లోంచి వచ్చిన గొంతు, ఎవరిదైనా కావచ్చు.

"అలవాటుందా?"

"చిన్నప్పుడు."

"అయితే చీలమండ దగ్గర గట్టిగా బిగించండి. పడితే నన్నడక్కండి."

నూట పద్నాలుగో నంబరు బిళ్ళ ఇచ్చాను. చీటీ మీద ఇంటిపేరు రాయడానికి పాస్‌పోర్టు మొదటి పేజీ తెరిచాను. జిర్యానొవా అని రాశాను. నా ఇంటిపేరే అది. రోజుకు పదిసార్లు సంతకం చేసే పేరు కావడంతో చెయ్యి దానంతటదే రాసేసింది. రాసి, చీటీతో కలిపి అరలో పెట్టేసి, తరవాతి చెయ్యి దగ్గర పాస్‌పోర్టు అందుకున్నాక అప్పుడు తట్టింది. వంగి బయటికి చూసేసరికి ఎర్రగోళ్ళ మనిషి వెళ్ళిపోయింది.

వరస కాస్త తగ్గేదాకా నలభైమందికి స్కేట్లిచ్చాను. ఒక్కరికి కూడా సైజు తప్పు ఇవ్వలేదు. తరవాత కిటికీ రెక్క వేసి, నూట పద్నాలుగులో చెయ్యి పెట్టాను.

ఇన్నేళ్ళలో ఒక్కరి పాస్‌పోర్టులో రెండో పేజీ తిప్పినదాన్ని కాదు. ఎవరి కాపురం వాళ్ళది. ఆ రోజు తిప్పాను. ఫొటోలో రిమ్మా, బుగ్గలు తగ్గాయి. ఉత్తరాన నొరీల్స్క్‌లో నివాసం ముద్ర. కొత్త పెళ్ళి ముద్ర, మూడేళ్ళ కిందటిది, ఇంటిపేరు మాత్రం మార్చుకోలేదు. పిల్లల పేజీలో ఒకే ఒక్క వరస ఉంది. ఉల్యానా వాలెంతినొవ్నా, అంటే వాలెంతిన్ కూతురు ఉల్యా, 1976 ఫిబ్రవరి 11. పక్కన గుండ్రటి ముద్ర.

నాకు భయం వేసింది. గుండె దడదడలాడటం లాంటిదేమీ లేదు. కాళ్ళు చల్లబడ్డాయి, అంతే. పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాను, అయినా చల్లబడ్డాయి.

రింకు వైపు అద్దం మీద పేరుకున్న మంచును వేలితో రుద్ది చూశాను. నక్కతోలు టోపీని పట్టుకోవడం కష్టమేమీ కాలేదు. కంచె పట్టుకుని నాలుగడుగులు వేసి, చెయ్యి వదిలి, కూలబడింది. లేచింది. మళ్ళీ పడింది. మా దగ్గర ఒక పద్ధతుంది, పెద్దవాళ్ళెవరైనా పడితే దగ్గరున్న పిల్లలే వెళ్ళి లేపుతారు. పెద్దాళ్ళు పెద్దాళ్ళను లేపబోతే ఇద్దరూ పడతారు, పిల్లలకు ఆ భయం లేదు. ఆ దగ్గరున్న పిల్ల ఉల్యాయే. దగ్గరుందో, ఆ మనిషే కావాలని ఆమె దగ్గర పడిందో, నాకు తెలీదు.

ఉల్యా ఆమె రెండు చేతులూ పట్టుకుని వెనక్కి జారుతూ లాక్కెళ్ళింది. మాటలు వినపడవు గానీ ఏమంటోందో నాకు తెలుసు. కొత్తవాళ్ళందరికీ అదే పాఠం. కిందికి చూడకు, మోకాళ్ళు వంచు, నన్నే చూడు. రిమ్మా నిజంగానే దాన్నే చూస్తోంది. కన్నార్పకుండా.

ఒక్కసారి వెళ్ళి పిల్లను లాక్కొచ్చేద్దామనిపించింది. కిటికీ మీద టకటకా కొట్టారు. తెరిచి, మరో పాస్‌పోర్టు తీసుకున్నాను.

కుజ్మిచ్ ఖాళీ గ్లాసుతో వచ్చి, నేను చూస్తున్న అద్దంలోంచి చూశాడు. వాలెంతిన్‌కు అతను స్నేహితుడు.

"వచ్చిందన్నమాట" అన్నాడు.

"వచ్చింది."

"కోర్టుకెళ్ళు, తల్లి హక్కు రద్దు చేయించుకో, పిల్లను నీ పేర పెట్టించుకో అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? ఇన్నేళ్ళుగా ఒక్క ఉత్తరం ముక్క లేదు, జడ్జి పది నిమిషాల్లో రాసిచ్చేసేవాడు."

"కోర్టుకెళ్తే ఆమెకు నోటీసు వెళ్తుంది. పడుకున్న పామును లేపడం ఎందుకని..."

"లేచిందిగా ఇప్పుడు."

"నీ టీ అయిపోతే వెళ్ళు కుజ్మిచ్."

"ఏం చేస్తావు?"

"ఏముంది? స్కేట్లు తెచ్చిస్తే పాస్‌పోర్టు ఇస్తాను."

అతను నన్ను ఎగాదిగా చూసి, చీపురు తీసుకుని బయటికెళ్ళాడు.

నాలుగింటికి మంచు ఊడవడానికి లౌడ్‌స్పీకరులో పాట ఆపి అందరినీ బయటికి పంపిస్తారు. ఆ పది నిమిషాలూ నా కిటికీ దగ్గర తిరునాళ్ళే. స్కేట్లు బల్ల మీద పడుతుంటాయి, బిళ్ళలు, చెమట వాసన, "ముందు నాది చూడమ్మా, ట్రామ్ పోతుంది!" ఆ గోలలో ఉల్యా గొంతు వినిపించింది.

"అమ్మా! ఈవిడ ఎన్నిసార్లు పడ్డారో తెలుసా? అయినా ఏడవలేదు! చివర్లో కంచె పట్టుకోకుండా ఒక చుట్టు మొత్తం తిరిగారు!"

అమ్మా అన్న మాట కిటికీలోకి రావడం చూసి, ఎర్రగోళ్ళ మనిషి వంగింది. అప్పుడు నన్ను చూసింది. నేనూ చూశాను. నక్కతోలు కింద మొహం చలికి కందిపోయి, నవ్వుతూ ఉంది. ఆ నవ్వు మెల్లగా పోయింది.

"వదినా" అంది.

"ఉల్యా, కుజ్మిచ్ తాతకు రెండో చీపురు అందించు పో" అన్నాను.

"తాతకు రెండు చేతులే ఉన్నాయమ్మా."

"వెళ్ళమన్నానా?"

వెళ్ళింది. రిమ్మా కిటికీలో తల పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడింది. వెనకున్నవాళ్ళకు వినపడకూడదని ఇద్దరికీ ఉంది. అంతవరకూ మేమిద్దరం ఒక్కటే.

"నువ్వింకా ఇక్కడే పనిచేస్తున్నావని తెలీదు. ఒట్టు."

"తెలిస్తే పాస్‌పోర్టు ఇచ్చేదానివా?"

"ఇవ్వకపోతే స్కేట్లివ్వవుగా." శాలువా గడ్డం కిందికి లాక్కుంది. "దాన్ని దగ్గర్నుంచి చూద్దామని వచ్చాను. ముందు దూరం నుంచే చూడాలనుకున్నాను. అదే వచ్చి లేపింది వదినా."

"ఎవరు పడ్డా లేపుతుంది. అలా పెంచాను."

"తెలుసు. బాగా పెంచావు. దండం పెడతాను నీకు."

"దండాలెందుకు? సంగతి చెప్పు."

చెప్పింది. నొరీల్స్క్‌లో రెండు గదుల ఇల్లు, మంచి మొగుడు, గనిలో మేస్త్రీ. పిల్లలు పుట్టరని డాక్టర్లు చెప్పేశారు. ఉల్యా గురించి మొగుడికి పోయిన నెలలో చెప్పింది, అంతవరకూ భయపడి దాచిందట. అతను ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళి పిల్ల కోసం మంచం కొనుక్కొచ్చాడట. ఏడు గంటలకు విమానం. టికెట్లు రెండు.

"ఇవాళా?"

"ఇవాళ్టికే దొరికాయి. పిల్లను నా పాస్‌పోర్టు మీదే ఎక్కిస్తారు, వేరే కాయితం అక్కర్లేదు, కనుక్కున్నాను."

"దానికి రేపు లెక్కల పరీక్ష" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నోటికొచ్చింది ఆ మాటే.

"వదినా, నువ్వు సంరక్షకురాలివి. నీకిచ్చిన సంరక్షణ కాయితంలో ఏముందో నాకూ తెలుసు, నీకూ తెలుసు. తల్లి వచ్చి అడిగేదాకా అని ఉంది. నేను అడుగుతున్నాను."

"ఎనిమిదేళ్ళకా?"

"ఎనభై ఏళ్ళకైనా. అది నా కూతురు. నా పాస్‌పోర్టులో ఉంది. నీదాంట్లో ఉందా?"

నాదాంట్లో ఆ పేజీ ఖాళీ. ఆ మాట నన్ను కొట్టినట్టే తగిలింది.

"ఎర్రజ్వరం వచ్చినప్పుడు నలభై రోజులు ఆస్పత్రి బయట నిలబడ్డాను" అన్నాను. "లోపలికి రానివ్వలేదు. కిటికీలోంచి వేళ్ళు చూపించేది. అది ఏ పేజీలో రాస్తారే?"

రిమ్మా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమెది రాతిగుండె అని ఎనిమిదేళ్ళుగా అనుకుంటూ వచ్చాను, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. ఇప్పుడు ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే అలా అనుకోవడం కుదరలేదు. నాకది ఏమీ నచ్చలేదు.

"అమ్మలక్కల కబుర్లు ఇంటికెళ్ళి చెప్పుకోండి!" వెనక నుంచి ఓ మగగొంతు. "స్కేట్లు తీసుకో, కాయితం ఇచ్చెయ్, ఇంతేగా పని!"

"అవును మరి, ఇక్కడ మా ముక్కులు రాలిపోతున్నాయి!"

రిమ్మా కళ్ళు తుడుచుకుని స్కేట్లు బల్ల మీద పెట్టింది. పక్కనే బిళ్ళ పెట్టింది. తాళ్ళు రెండూ కలిపి ముడివేసి ఉన్నాయి, ఎలా ఇవ్వాలో అలాగే ఇచ్చింది.

"నా పాస్‌పోర్టు ఇవ్వు వదినా. పిల్లతో నేనే మాట్లాడతాను. నిన్ను ఒక్క మాట అననివ్వను."

స్కేట్లు తిరిగొచ్చాయి. పాస్‌పోర్టు తిరిగెళ్ళాలి. గోడ మీద బోర్డులో అలాగే ఉంది, ఆ బోర్డు రాసింది నేనే. పద్దెనిమిది చలికాలాల్లో ఒక్కరి కాయితమూ పోలేదు, ఒక్కరినీ నిమిషం ఆపలేదు. పాస్‌పోర్టు లేకపోతే ఆమె విమానం ఎక్కలేదు. విమానం పోతే రేపు. రేపు కోర్టు తెరుస్తారు. కుజ్మిచ్ సాక్ష్యం చెప్తాడు, గ్లఫీరా చెప్తుంది. నాకు ఒక్కరోజు కావాలి. ఒక్కటంటే ఒక్కటే.

నేను అరల వైపు తిరిగాను. కాసేపు వెతుకుతున్నట్టు నిలబడ్డాను. మళ్ళీ ఇటు తిరిగాను.

"కనబడటం లేదు" అన్నాను.

"కనబడకపోవడమేంటి?" అంది ఎవరో ఆడమనిషి. "మరి నాది?"

"నాదేది? నాది చూడమ్మా ముందు!"

"అయ్యో, పాస్‌పోర్టులు పోయాయంట!"

తోపులాట మొదలైంది. కిటికీలోకి ఒకేసారి ఐదు చేతులొచ్చాయి. వాటి మధ్య రిమ్మా మొహం తెల్లగా పాలిపోయింది. "వదినా, అంత పని చెయ్యకు" అంది, చాలా నెమ్మదిగా. తలుపు దగ్గర కుజ్మిచ్ చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా సంపాదించుకున్న పేరు ఒక్క మాటతో పోయింది. పోతే పోయిందనుకున్నాను.

అతని చంక కింద నుంచి ఉల్యా లోపలికి దూరింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి, ఒక చేతికి తొడుగు లేదు.

"ఏ నంబరు కనపడట్లేదమ్మా?"

అది బల్ల మీద బిళ్ళ చూసుకుని, అరల దగ్గరికెళ్ళి, చెయ్యి పెట్టింది.

రెండు గంటల నుంచి ఆ పాస్‌పోర్టును పొయ్యిలో వేద్దామనుకున్నాను. బూటులో దాచుకుందామనుకున్నాను. మంచులో పూడ్చేద్దామని కూడా అనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. పేజీ చూసిన వెంటనే నా చెయ్యి దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ నూట పద్నాలుగులోనే పెట్టింది, చీటీ పైకి కనపడేలాగా, రోజూ పెట్టినట్టే. అబద్ధం ఆడిన మనిషి దాన్ని దాచే పని మాత్రం మర్చిపోయింది. పాడు అలవాటు.

"ఇదిగో, ఇక్కడే ఉందిగా! నీకు కళ్ళద్దాలు కావాలమ్మా" అంది ఉల్యా. వరసలో నవ్వులు లేచాయి. బతికాం అన్నట్టు ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

ఇచ్చేముందు చీటీ మీద పేరూ పాస్‌పోర్టులో పేరూ సరిచూడాలి. అది నేను నేర్పించిందే. ఉల్యా మొదటి పేజీ తెరిచి సరిచూసింది.

"జిర్యానొవా. అరె, మీది మా ఇంటిపేరేనా? చెప్పనేలేదే!" అంటూ రిమ్మా వైపు నవ్వింది.

"ఇటివ్వు ఉల్యా" అన్నాను.

"ఇలా ఇవ్వమ్మా" అంది రిమ్మా కూడా, అదే క్షణంలో.

మేమిద్దరం ఒకేసారి చెయ్యి చాపడం చూసి దానికి వింతగా అనిపించింది కాబోలు, ఒక అడుగు వెనక్కి వేసింది. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. పేరు మీద వేలు పెట్టి, బళ్ళో చదివినట్టు పెదాలు కదుపుతూ చదువుకుంది. పుట్టినరోజు దగ్గర వేలు ఆగింది. పక్కనున్న ముద్రను గోటితో గీకి చూసింది, ఊడొస్తుందేమో అన్నట్టు. ఊడి రాలేదు.

"అమ్మా" అంది ఉల్యా, నా వైపే చూస్తూ. "నీ పాస్‌పోర్టులో నా పేరెందుకు లేదని అడిగితే, ఆఫీసులో సిరా అయిపోయిందన్నావు. మరి వీళ్ళకు సిరా ఎక్కడ దొరికింది?"